గుత్తకు ఇవ్వని తోట

తోతాపురి కాయ మాగి, ఇంకా ఎండలో నిలబడిపోతే ఒక రకమైన పులిసిన తీపి వాసన వస్తుంది. చిత్తూరు దాటాక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ముందు రోడ్డు పొడవునా ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. రైతులు ట్రాక్టర్ల కిందే టవల్ పరుచుకుని పడుకున్నారు. మా బస్సు ఆ వాసనలో ఇరుక్కుపోయి కదలడం లేదు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. చేసింది ఎవరో కాదు, ఆ ఫ్యాక్టరీ యజమాని చెంగల్రాయులు గారే. "అమ్మా సుజాతా, వచ్చే బుధవారం రెడ్డెమ్మ వర్ధంతి గదా. ఆ పొద్దు పిల్లకాయలందరికీ నా తరపున భోజనం. వడా పాయసం అన్నీ పెట్టిస్తా. ఆ యమ్మ పేరు మీదనే" అన్నారు. ఆయన గొంతులో నిజమైన గౌరవమే ఉంది. సాయంత్రం చెబుతానని ఫోన్ పెట్టేశాను. రెడ్డెమ్మక్క పేరు మీద అన్నదానం! అక్క బతికుంటే ఈ మాట విని ఎంత పెద్దగా నవ్వేదో, ఆ తర్వాత ఎంత తిట్టేదో తలచుకుంటే నాకూ నవ్వొచ్చింది, కడుపు మండింది కూడా.

మీరెవరూ ఆమెను చూసి ఉండరు. పాకాల స్టేషన్ వెనక వీధిలో ఒక పాత పెంకుటింట్లో నడక రాని పిల్లల కేంద్రం పెట్టిన మనిషి ఆమె. అంతకు ముందు అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా పల్లెలన్నీ తిరిగింది. ఏ ఊరికి పోయినా ఏదో ఒక ఇంట్లో మూల చాప మీద పడుకోబెట్టిన బిడ్డ కనిపించేదట. పుట్టుకలోనే మెదడుకు దెబ్బ తగిలి మెడ నిలవని పిల్లలు, కాళ్ళు చేతులు బిగుసుకుపోయే పిల్లలు. వాళ్ళకు రోజూ పద్ధతిగా వ్యాయామం చేయిస్తే కూర్చుంటారు, కొందరు నిలబడతారు, కొందరు నడుస్తారు కూడా. చేయించకపోతే ఉన్నది కూడా పోతుంది. ఆ సంగతి తెలిశాక ఇక ఉద్యోగంలో కుదురుగా కూర్చోలేకపోయానని చెప్పేది. పొడుగు మనిషి, గొంతు పెద్దది, కోపం ముక్కు మీదే ఉండేది. నేత చీర కట్టుకుని దాని కింద మగపిల్లలు వేసుకునే క్యాన్వాస్ బూట్లు వేసుకునేది. నేను తిరుపతిలో ఫిజియోథెరపీ చదువు ముగించి, ఏదైనా ఆసుపత్రిలో ఉద్యోగం దొరికేదాకా ఉందామని ఆమె దగ్గర చేరాను. ఆ మాట మొదటి రోజే దాచకుండా చెప్పేశాను.

"మేలు, నిజం చెప్పినావు" అంది. "ఉన్నన్ని నాళ్ళు నేల మీద కూసోవాల. కుర్సీలో కూసోని చేసే పని కాదు మే ఇది. బువ్వ తిన్నావా?"

బువ్వ సంగతి ఆమె అడగకపోయినా ఆ ఇంట్లో దానికి కొదవ ఉండేది కాదు. మా తిరుపతి చుట్టుపక్కల అన్నం పెట్టడం జనానికి ఊపిరి పీల్చుకున్నంత సహజం. పుట్టినరోజైతే ఒక పూట భోజనం, పెళ్ళిరోజైతే ఒక పూట, తాతగారి తద్దినానికి ఒక పూట. మా వరండాలో ఒక నల్లబల్ల ఉండేది. దాని మీద సుద్దముక్కతో 'ఈరోజు భోజన దాత' అని రాసి కింద పేరు రాసేవాళ్ళం. దాతలు కుటుంబంతో వచ్చి, పిల్లలకు వడ్డించి, ఆ బల్ల పక్కన నిలబడి ఫోటో దిగి, కళ్ళు తుడుచుకుని వెళ్ళేవాళ్ళు. వాళ్ళను నేను తప్పుపట్టను. వాళ్ళు మంచివాళ్ళే, ఆ అన్నం నేనూ తిన్నాను. కానీ నడక నేర్పడానికి వాడే రెండు ఇనుప కడ్డీలలో ఒకటి ఊడిపోతే, దాన్ని బిగించడానికి ఎవరూ దొరకలేదు. పుట్టినరోజున కడ్డీ బిగించి ఫోటో దిగుతామనే వాళ్ళు ఎవరుంటారు? దాన్ని కొబ్బరితాడుతో కట్టి నెట్టుకొచ్చేవాళ్ళం.

ఒక ముహూర్తం రోజు ఒకరికి తెలియకుండా ఒకరు మూడు కుటుంబాల వాళ్ళు వచ్చేశారు. ఒకరు పులిహోర, ఒకరు బిరియానీ, మూడో ఆయన గుణశేఖర్ అని తిరుపతి బస్టాండు దగ్గర టిఫిన్ హోటలు నడుపుతారు, ఆయన గంపెడు వడలు తెచ్చారు. ఎవరిది తినకపోయినా వాళ్ళు నొచ్చుకుంటారని మేం మొహమాటపడి అందరిదీ పెట్టించాం. మధ్యాహ్నానికి పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వాంతులు మొదలుపెట్టారు. బిరియానీ ఆయన కొత్త పట్టు చొక్కా కూడా పాడైంది. అదే గోలలో తాడు జారి కడ్డీ కింద పడింది. పక్కనున్న బిడ్డకు వెంట్రుక వాసిలో తప్పింది. రెడ్డెమ్మక్క లేచి, చీర కొంగుతో నల్లబల్ల మీద మూడు పేర్లూ తుడిచేసి, పెద్ద అక్షరాలతో రాసింది: 'పిల్లలు తిన్నారు. నడక కడ్డీ ఊడింది.'

గుణశేఖర్ గారికి చుర్రుమంది. "ఏం రెడ్డెమ్మా, ప్రేమతో తెచ్చినోళ్ళ పేర్లు ఇట్టా తుడిచేస్తావా?"

"ప్రేమ ఉంటే సూడు గుణశేఖరా, ఈడ ఏం లేదో సూడు. అన్నం ఉండాది. అన్నం నిన్నా ఉండాది, రేపూ ఉంటాది. నేర్పేదానికి మనుషులు లేరు. ఇద్దరమే ఉండాం. ఇంకొకామెను చదివిస్తావా? చెప్పు, ఇంత పొడుగు రాస్తా నీ పేరు."

ఆయన ఖాళీ గంప తీసుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత చాలాకాలం ఆ వైపు రాలేదు. నేను భయపడి, అందర్నీ ఇలా దూరం చేసుకుంటే ఎలా అక్కా అన్నాను. ఆమె తోతాపురి ముక్కకు ఉప్పూకారం అద్దుకుని తింటూ, "దూరమైతే కానీ. అన్నం తిని పడుకుండే దానికైతే ఈ బిడ్డలకు ఇండ్లు ఉండాయి" అంది. ఆ మాట నాకప్పుడు మొండితనంగానే తోచింది. అది మొండితనం కాదని తెలియడానికి మునెమ్మ రావలసి వచ్చింది.

మునెమ్మది కార్వేటినగరం దగ్గర ఒక పల్లె. కూలి చేసుకుని బతికే మనిషి. కూతురు కావ్యను చంకనేసుకుని రెండు బస్సులు మారి మా దగ్గరికి వచ్చేది. మొదటిసారి వచ్చినప్పుడు కావ్యకు మూడేళ్ళు. కాళ్ళు కాస్త బిగువుగా ఉన్నా సాగదీస్తే సాగేవి. కొన్ని నెలలు చేయించేసరికి గోడ పట్టుకుని నిలబడింది. నిలబడిన రోజు మునెమ్మ నేల మీద చతికిలబడి ఏడ్చింది. ఆ తర్వాత మామిడికోతలు వచ్చాయి. కోతల్లో కూలి పోగొట్టుకుంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. కోతలయ్యాక వానలు, వానలయ్యాక వాళ్ళ అత్తకు జబ్బు. మళ్ళీ ఆమె మా గడప తొక్కేసరికి కావ్య మోకాళ్ళు మడతపడి బిగుసుకుపోయి ఉన్నాయి. నేను సాగదీయబోతే బిడ్డ కెవ్వుమంది. నా చేతులు వెనక్కి తీసుకున్నాను. మునెమ్మ నా మొహం చూసి బిడ్డను ఒళ్ళోకి లాక్కుంది.

రెడ్డెమ్మక్క అడిగింది. "కార్వేటినగరంలోనే మాలాంటి ఇల్లు ఒకటి ఉండుంటే రోజూ వచ్చిందువా మునెమ్మా?"

"నడిసి వచ్చిందును గదక్కా. పొద్దున పనికి పోయే ముందు వచ్చిందును."

ఆ రోజు నుంచి అక్కకు కార్వేటినగరం తప్ప ఇంకో ధ్యాస లేదు. అక్కడ ఒక ఇల్లు కావాలి, కనీసం ఇద్దరు ఆడపిల్లలకు ఈ పని నేర్పించాలి, వాళ్ళు నేర్చుకునే కాలమంతా జీతమివ్వాలి. ఆ కాలంలో ఒక్క బిడ్డ కూడా అదనంగా రాదు, చూపించడానికి ఒక్క ఫోటో కూడా ఉండదు. అలాంటి దానికి ఎవరు ఇస్తారు? ఎవరి గడప తొక్కినా, భోజనం పెడతాం, దుప్పట్లు ఇస్తాం, జీతాలకు మాత్రం అడగొద్దమ్మా అన్నారు. జీతం అన్న మాట వినగానే మేమేదో దొంగసొమ్ము అడిగినట్టు మొహాలు మారిపోయేవి. పిల్లల కాళ్ళు సాగదీసే చేతులు ఎక్కడి నుంచి ఊడిపడతాయనుకున్నారో ఇప్పటికీ నాకర్థం కాదు.

చెంగల్రాయులు గారు మా దగ్గరికి వచ్చింది ఆ రోజుల్లోనే. ఆయన రాక కోసం మా కేంద్రాన్ని నడిపే కమిటీ పెద్దలు కుర్చీలు తుడిపించి, టెంకాయ నీళ్ళు తెప్పించారు. ఆయన చెప్పింది సూటిగానే ఉంది. ఒక బిడ్డకు ఒకసారి వ్యాయామం చేయిస్తే ఇంత అని ఇస్తారు. ఎంతమందికి చేస్తే అంత. ఫ్యాక్టరీ పేరుతో బోర్డు. కమిటీ వాళ్ళ కళ్ళు మెరిశాయి. నా కళ్ళూ మెరిశాయి, ఎందుకంటే నాకు జీతం సరిగ్గా అందక చాలాకాలమైంది.

రెడ్డెమ్మక్క ఒక్కటే అడిగింది. "ఇప్పుడు వచ్చే బిడ్డలకే మేం ఇద్దరం సాలడంలే. జాస్తి బిడ్డల్ని తెస్తే చేసేదెవురన్నా?"

"అది మీరు సూసుకోవాలమ్మా. పని జాస్తి చేస్తే దుడ్లు జాస్తి వస్తాయి. దాంట్లోనే మనుషుల్ని పెట్టుకోండి."

"మనిషి తయారు కావాలంటే ఏండ్లు పడతాది. అంతవరకు ఎవురు సాకాల? కార్వేటినగరంలో ఇల్లు పెట్టాల, దానికి ఇయ్యి. రెండు మూడేండ్లు మా వెనక నిలబడు. ఆనాక నువ్వు చెప్పినట్టే తలకింతని కట్టు, నేను కాదనను."

"నేను సేవకు దుడ్లిస్తా. మీ సంస్థను పెంచేది నా పనా?" అని ఆయన నవ్వారు.

అప్పుడు అక్క కుర్చీ ముందుకు జరుపుకుంది. దామలచెరువు వైపు వాళ్ళ నాయనకు మామిడితోట ఉండేది. మా వైపు తోటను గుత్తకు ఇవ్వడం మామూలే. పూత దశలోనే వ్యాపారి వచ్చి, ఇన్నేళ్ళ కాపు నాది అని దుడ్లు కట్టి తోట పట్టుకుంటాడు. "మా నాయన ఒకసారి ఇచ్చినాడన్నా. గుత్తకు పట్టినాయన మంచోడే, చెప్పిన దుడ్లు చెప్పినట్టు కట్టినాడు. కానీ ఆయనకు కాయే కనపడతాది గాని చెట్టు కనపడదు. ప్రతి ఏడాదీ కాయాలని చెట్టు మొదట్లో మందు పోసినాడు. చెట్లు ఇరగ్గాసినాయి. ఊరంతా వచ్చి సూసినారు. గుత్త ముగిసేతలికి కొమ్మల కొసలు ఎండిపోయినాయి. మా నాయన ఆ చెట్లు కొట్టేసేనాడు నేను పక్కనే ఉండాను. కాయ కొనేవాళ్ళు తప్పు అని నేననను. కొనేవాళ్ళు లేకుంటే రైతు యాడికి పోతాడు? కొంటే కొన్నానని చెప్పు. తోట పెంచినానని బోర్డు రాసుకోవద్దు. నువ్వు నన్ను గుత్తకు అడగతా ఉండావన్నా. నేను ఇయ్యను."

ఆయన మొహం ఎర్రబడింది. "దానమిస్తానని వస్తే నన్ను గుత్తోడంటావా!" అని లేచారు. కమిటీ వాళ్ళు వెనకాలే పరిగెత్తారు. టెంకాయ నీళ్ళు అలాగే మిగిలిపోతే ఆమె నాకొక గ్లాసు అందించి, రెండోది తను తాగింది. తాగుతుంటే నీళ్ళు చీర మీద ఒలికాయి. ఆమె భయపడదని అందరూ అనుకునేవాళ్ళు. భయపడేది, నేను చూశాను. భయపడుతూనే కాదనేది.

ఆ తర్వాత గడిచిన నెలలు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. కమిటీలో సగంమంది మానేశారు. ఇంట్లో మా అమ్మ, "ఆ యమ్మకు తిక్క, నీకు బుద్ధి లేదు" అనేది. తిరుపతిలో ఒక ఆసుపత్రి నుంచి నాకు పిలుపు వచ్చింది. ఆ మాట అక్కకు చెబితే, పొమ్మనీ అనలేదు, ఉండమనీ అనలేదు. "నీ చేతులు యాడున్నా పనికొస్తాయి" అని మాత్రం అంది. ఆ రోజు కావ్య వచ్చింది. నెమ్మదిగా, ఏడిపించకుండా, పాటలు పాడుతూ ఆ మోకాళ్ళను వేలెడు సాగదీయడానికి నాకు పొద్దంతా పట్టింది. అది చాలక మళ్ళీ బిగుసుకుపోతుందని నాకు తెలుసు, ఎందుకంటే మునెమ్మకు రోజూ రావడం కుదరదు. ఆ కోపంతోనే ఆసుపత్రికి పోకుండా ఉండిపోయాను. త్యాగం గీగం ఏమీ లేదు, ఉత్త కోపం.

చివరికి వచ్చింది ఎవరంటే, గుణశేఖర్ గారు. ఈసారి గంప లేదు. గుమ్మంలోనే నిలబడి, "నన్ను తరిమినావు, ఫ్యాక్టరీ ఆయన్నీ తరిమినావంట. నీకేం కావాలో ఇప్పుడన్నా తిన్నగా చెప్పు తల్లీ" అన్నారు. ఆమె చెప్పింది. ఆయన చాలాసేపు విని, తన హోటలు కథ చెప్పారు. మొదట పెట్టినప్పుడు ఇడ్లీలు అమ్మిన దుడ్లతో హోటలు నిలబడలేదట. వంట మాస్టరును పెట్టుకోవాలి, పొయ్యిలు వేయించాలి, గిరాకీ వచ్చేదాకా అద్దె కట్టాలి. వాళ్ళ మామ దుడ్లు పెట్టి రెండేళ్ళు నోరు మెదపకుండా ఓర్చుకున్నాడట. "మా మామ దినామూ వచ్చి ఎన్ని ఇడ్లీలు అమ్మినావని అడిగుంటే నేను ఎప్పుడో మూసేసుందును. అన్నం పెట్టేది పుణ్యం అనుకున్నా. నువ్వడిగేది పెట్టుబడి."

"పుణ్యం మాకొద్దు. పెట్టుబడే పెట్టు."

"మరి నా పేరు యాడ రాస్తావు?"

"రాయను. పని చెడితే జనం నన్ను మాత్రమే తిడతారు గదా, నీకు మంచిదే."

ఆయన పగలబడి నవ్వారు. తన ఈడు వ్యాపారులను మరికొందరిని కూడగట్టారు. కార్వేటినగరం పక్క పల్లెల నుంచి ఇద్దరు ఆడపిల్లలు మా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చారు. ఆ కాలమంతా మా పిల్లల సంఖ్య పెరగలేదు. ఊళ్ళో వాళ్ళు ఎకసెక్కాలాడారు. గుణశేఖర్ గారు మాత్రం వచ్చినప్పుడల్లా ఒకటే అడిగేవారు, "ఆ పిల్లలకు పని వచ్చిందా?" అని. వాళ్ళకు పని వచ్చిన రోజు మేం కార్వేటినగరంలో పాత కోటకు రెండు వీధుల అవతల ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. దాని తాళంచెవి మునెమ్మ చేతిలో పెట్టింది అక్క. ఆ ఇంట్లో మునెమ్మే ఆయా. ఇప్పటికీ పొద్దున్నే తలుపు తీసేది ఆమే.

ఆ ఇంట్లో నడిచిన పిల్లల గురించి చెప్పుకుంటూ ముగిస్తే బాగుంటుంది. కానీ కావ్యకు ఆ ఇల్లు ఆలస్యంగా వచ్చింది. ఆ మోకాళ్ళు పూర్తిగా సాగలేదు. చక్రాల కుర్చీలో హైస్కూలుకు పోతుంది, లెక్కల్లో చురుకైన పిల్ల. బాగానే ఉంది, కానీ నడిచేది. నడవాల్సిన పిల్ల అది. ప్రారంభం రోజు అందరూ చప్పట్లు కొడుతుంటే అక్క నా పక్కకు వంగి, "ఆ బిడ్డ కాళ్ళు మనం తిన్న పుట్టినరోజు అన్నాలకు పోయినాయి సుజాతా. మర్సిపోగాకు" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు చూడటం నాకు అదొక్కసారే. మరచిపోలేదు. కిందటేడు ఆమె గుండెజబ్బుతో పోయింది. ఆసుపత్రిలో కూడా నర్సులతో, కార్వేటినగరం తర్వాత సత్యవేడు అని చెబుతూనే ఉండిందట.

బస్సు కదిలి ఆ సాయంత్రం పాకాలకు తిరిగి వచ్చాక చెంగల్రాయులు గారికి ఫోన్ చేశాను. "సార్, అక్క పేరు మీద భోజనం వద్దు. పిల్లలు తింటా ఉండారు. సత్యవేడులో మూడో ఇల్లు పెట్టాల. ముగ్గురు ఆడపిల్లల్ని తయారు చెయ్యాల. మూడేండ్లు మా వెనక నిలబడతారా?"

"ఆ యమ్మ పోయినా ఆ మాటలు పోలేదే" అన్నారాయన.

"నా మాటలే సార్ ఇవి."

ఆయన ఫోన్ పెట్టేశారు. మళ్ళీ చేస్తారో చేయరో తెలియదు. నాకు కాస్త భయం వేసిన మాట నిజం. వరండాలోకి వెళ్ళాను. నల్లబల్ల మీద బుధవారం వర్ధంతికని మా కొత్త అమ్మాయి అప్పుడే 'భోజన దాత' అని రాసి పెట్టింది. దాన్ని కొంగుతో తుడిచి సుద్దముక్క తీసుకున్నాను. వీధిలో పోయేవాళ్ళకు కూడా కనిపించేంత పెద్దగా రాశాను: 'పిల్లలు తిన్నారు. సత్యవేడుకు మనుషులు కావాలి.'